గ్రబ్ రెస్క్యూ దగ్గర ఆగిపోయిన సిస్టమ్, ఫార్మాట్ తప్పదంటున్నారు, నిజమేనా?

నాగావళి_డీటీపీ
శ్రీకాకుళంలో చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు నాది. పాత డెస్క్‌టాప్‌లో విండోస్ 7, లైనక్స్ మింట్ రెండూ ఉన్నాయి. పనంతా మింట్‌లోనే. ఇంక్‌స్కేప్, స్క్రైబస్, మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లతో శుభలేఖలు చేస్తాను. విండోస్ ఉంచింది ఒక పాత ప్రింటర్ కోసమే. సి డ్రైవ్ నిండిపోయిందని ఒక టెక్నీషియన్‌ని పిలిస్తే, ఖాళీగా ఉన్న డి డ్రైవ్ తీసేసి ఆ జాగా సి కి కలుపుతానన్నాడు. డి తీసేసి రీస్టార్ట్ చేశాడు. నల్ల స్క్రీన్ మీద ఇది వచ్చి కూర్చుంది:

ఎర్రర్: నో సచ్ పార్టిషన్.
ఎంటరింగ్ రెస్క్యూ మోడ్...
గ్రబ్ రెస్క్యూ>

"లైనక్స్ పోయింది సార్, మొత్తం ఫార్మాట్ చేసి విండోస్ ఒక్కటే వేసుకోండి" అంటున్నాడు. లోపల కస్టమర్ల ఫైళ్లు, ఈ వారమే ఇవ్వాల్సిన పెళ్లి కార్డులు ఉన్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది. నిజంగా పోయినట్టేనా?

గంటస్తంభం
ఎవరినీ ఏమీ ఫార్మాట్ చెయ్యనివ్వకండి. ఆ మెసేజ్ చెప్పేది లైనక్స్ పోయిందని కాదు, గ్రబ్ (ఆన్ చెయ్యగానే ఏ ఓఎస్ తెరవాలో మెనూ చూపించే ప్రోగ్రాం) తన మిగతా ఫైళ్లున్న పార్టిషన్‌ని (డిస్కులో ఒక భాగాన్ని) కనుక్కోలేకపోయిందని. డేటా అక్కడే ఉండే అవకాశం ఎక్కువ.

ఆ ప్రాంప్ట్ దగ్గర ఎల్‌ఎస్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఏం వచ్చిందో ఫోన్‌తో ఫోటో తీసి పెట్టండి. సిస్టమ్ ఆన్ అవ్వగానే మొదట నడిచేది పాత బయోస్ రకమా, కొత్త యూఈఎఫ్ఐనా అన్నది కూడా తెలిస్తే చెప్పండి.

ఒక మాట. ఈ వేదికలో కమాండ్లు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాం. మీరు కీబోర్డు మీద ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో కొట్టాలి.

రాజాం_రూట్
నా అభిప్రాయం వేరే. లైవ్ పెన్‌డ్రైవ్‌తో (డిస్కులో వెయ్యకుండానే లైనక్స్ నడిపేది) బూట్ చేసి, హోమ్ ఫోల్డర్ బయటి డిస్క్‌కి కాపీ చేసుకుని, మింట్ మళ్లీ వేసెయ్యడమే నయం. పెళ్లి కార్డులు నెత్తి మీద పెట్టుకుని ఇప్పుడు కమాండ్లు నేర్చుకునే టైమా ఆయనకి?

ఇచ్ఛాపురం_ప్యాసింజర్
ఏటి చేసినా త్వరగా కానివ్వండి మాస్టారూ. కార్డులు రాకపోతే పెళ్లికొడుకు మీ షాపు ముందే పీటలు వేయించుకుంటాడు.

గంటస్తంభం
@రాజాం_రూట్ ముందు కాపీ తీసుకోవడం వరకు మీతోనే ఉన్నాను, అది ఎవరికైనా మొదటి పని. మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యడం మాత్రం ఒప్పుకోను. షాపు సిస్టమ్ అది. ఫాంట్లు, ప్రింటర్ సెట్టింగులు, కలర్ ప్రొఫైళ్లు, టెంప్లేట్లు అన్నీ మళ్లీ కూర్చుకోవాలంటే రోజులు పడుతుంది. చెడిపోయింది దారి చూపించే చిన్న ముక్క ఒక్కటే. దాన్ని బాగుచేసుకుంటే సరిపోతుంది.

నాగావళి_డీటీపీ
ఎల్‌ఎస్ కొడితే ఇలా వచ్చింది:

(హెచ్‌డి0) (హెచ్‌డి0,ఎంఎస్‌డాస్6) (హెచ్‌డి0,ఎంఎస్‌డాస్5) (హెచ్‌డి0,ఎంఎస్‌డాస్2) (హెచ్‌డి0,ఎంఎస్‌డాస్1)

బయోస్ స్క్రీన్ నీలం రంగుది, మౌస్ పనిచెయ్యదు. యూఈఎఫ్ఐ అన్న మాట ఎక్కడా కనబడలేదు. లోపల విండోస్ డ్రైవ్ తర్వాత డి, ఆ తర్వాత మింట్, చివర స్వాప్ (ర్యామ్ చాలకపోతే వాడుకునే జాగా) ఉండేవని గుర్తు.

టెర్మినల్_తాత
దొరికింది బాబూ. ఎంఎస్‌డాస్ అని ఉందంటే పాత పద్ధతి పార్టిషన్ టేబుల్, అంటే ఎంబీఆర్. అందులో ప్రైమరీలు నాలుగే ఉంటాయి. అంతకు మించి కావాలంటే ఒక ఎక్స్‌టెండెడ్ పెట్టుకుని, దాని లోపల లాజికల్ పార్టిషన్లు చేసుకోవాలి. లాజికల్ నంబర్లు ఎప్పుడూ 5 నుంచి మొదలవుతాయి.

మీ డి డ్రైవ్ 5, మింట్ 6, స్వాప్ 7 అయి ఉండాలి. లాజికల్స్ ఒకదాని వెనక ఒకటి గొలుసుగా ఉంటాయి కాబట్టి 5 తీసేస్తే వెనకవి ముందుకు జరిగి మింట్ 5, స్వాప్ 6 అయ్యాయి. వీధిలో ఒక ఇల్లు పడగొట్టి మిగతా ఇళ్లకి డోర్ నంబర్లు మార్చేశారు. పోస్ట్‌మాన్ దగ్గర ఉన్నది పాత నంబరు. ఇల్లూ, ఇంట్లో సామానూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

పొందూరు_మగ్గం
తాతగారూ, గ్రబ్ యూయూఐడీతో (ఒక్కో పార్టిషన్‌కి ఉండే ప్రత్యేక గుర్తింపుతో) వెతుక్కుంటుంది కదా? నంబరు మారితే దానికేం?

టెర్మినల్_తాత
మంచి ప్రశ్న. మెనూ వచ్చాక యూయూఐడీతోనే వెతుకుతుంది. మెనూ రాకముందు సంగతి వేరు. ఎంబీఆర్ అంటే డిస్కులో మొదటి 512 బైట్లు. అందులో కోడ్‌కి 446, పార్టిషన్ టేబుల్‌కి 64, చివర 2 బైట్లు గుర్తు కోసం. అంత ఇరుకులో గ్రబ్ మొత్తం పట్టదు. అందుకే అసలు ముక్క, కోర్ ఇమేజ్ అంటారు, ఎంబీఆర్‌కీ మొదటి పార్టిషన్‌కీ మధ్య ఖాళీలో కూర్చుంటుంది. మిగతా ఫైళ్లు ఏ పార్టిషన్‌లో ఏ ఫోల్డర్‌లో ఉన్నాయన్నది గ్రబ్-ఇన్‌స్టాల్ చేసిన రోజునే ఆ ముక్కలో రాసేసి ఉంటుంది. దాన్నే ప్రిఫిక్స్ అంటారు. ఒకే డిస్కులో మామూలుగా వేసినప్పుడు అక్కడ ఉండేది పార్టిషన్ నంబరే.

గ్రబ్ కంటే ముందు ఇదే పనికి వాడిన లైలో రోజుల్లో ఇంకా కష్టం ఉండేది. కెర్నల్ (లైనక్స్ అసలు భాగం) డిస్కులో ఏ బ్లాకుల్లో ఉందో అది రాసిపెట్టుకునేది. కెర్నల్ మార్చి లైలో కమాండు మళ్లీ కొట్టకపోతే మర్నాడు సిస్టమ్ లేచేది కాదు. దాని పేరులోని నాలుగు అక్షరాలు ఒక్కో దశకి ఒక్కోటి పడేవి, ఎన్ని పడి ఆగిందో చూసి తప్పు ఎక్కడో పట్టుకునేవాళ్లం. రెండే పడ్డాయంటే రెండో దశ కోడ్ దగ్గర ఇరుక్కుందని అర్థం.

ఇచ్ఛాపురం_ప్యాసింజర్
తాతగారు లైలో మొదలుపెట్టారంటే టీ పెట్టుకోవచ్చు.

గంటస్తంభం
నాగావళి గారూ, తాతగారు చెప్పింది సరిగ్గా మీ కేసే. ముందు నిర్ధారణ చేసుకుందాం:

ఎల్‌ఎస్ (హెచ్‌డి0,ఎంఎస్‌డాస్5)/

హెచ్‌డి పక్కన సున్నా, ఓ అక్షరం కాదు. చివర వాలు గీత (/) మర్చిపోవద్దు. బూట్, హోమ్, ఈటీసీ, యూఎస్ఆర్ లాంటి పేర్లు కనబడితే మింట్ అదే. మిగతా పార్టిషన్లకి "అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్" అంటుంది, కంగారు పడొద్దు. ఆ దశలో గ్రబ్‌కి లైనక్స్ ఫైల్‌సిస్టమ్ (ఫైళ్లు అమర్చే పద్ధతి) ఒక్కటే చదవడం వచ్చు. కనబడ్డాక వరసగా:

సెట్ రూట్=(హెచ్‌డి0,ఎంఎస్‌డాస్5)
సెట్ ప్రిఫిక్స్=(హెచ్‌డి0,ఎంఎస్‌డాస్5)/బూట్/గ్రబ్
ఇన్‌స్‌మాడ్ నార్మల్
నార్మల్

సమానం గుర్తుకి అటూ ఇటూ ఖాళీ వదలకూడదు. రెస్క్యూలో ట్యాబ్ పనిచెయ్యదు, పైకి బాణం కొడితే పాత లైను రాదు. ప్రతి అక్షరం చేత్తో కొట్టాల్సిందే, అందుకే నెమ్మదిగా.

నాగావళి_డీటీపీ
ఎల్‌ఎస్‌కి బూట్, హోమ్, ఈటీసీ అన్నీ కనబడ్డాయి!! వాటిని చూడగానే ప్రాణం లేచొచ్చింది. మిగతావి కొడుతున్నాను.

నాగావళి_డీటీపీ
మెనూ వచ్చింది. మింట్ తెరుచుకుంది. ఫైళ్లన్నీ ఉన్నాయి. మీ ఇద్దరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను.

గంటస్తంభం
ఆగండి, అవ్వలేదు. ఇప్పుడు రీస్టార్ట్ చేస్తే మళ్లీ అదే నల్ల స్క్రీన్ వస్తుంది. మనం కొట్టింది ఈ ఒక్క బూట్‌కే. టెర్మినల్ తెరిచి:

సుడో గ్రబ్-ఇన్‌స్టాల్ /డెవ్/ఎస్‌డిఎ
సుడో అప్‌డేట్-గ్రబ్

మొదటిదాంట్లో ఎస్‌డిఎ (మొత్తం డిస్కు పేరు) వరకే. పక్కన 5 పెట్టొద్దు, గ్రబ్ వెళ్లాల్సింది డిస్కు మొదట్లోకి, పార్టిషన్‌లోకి కాదు. చాలామంది అప్‌డేట్-గ్రబ్ ఒక్కటే కొట్టి ఊరుకుంటారు. అది మెనూ ఫైలు మాత్రమే కొత్తగా రాస్తుంది. తాతగారు చెప్పిన ప్రిఫిక్స్ మారాలంటే గ్రబ్-ఇన్‌స్టాల్ కావాలి. "ఇన్‌స్టలేషన్ ఫినిష్డ్. నో ఎర్రర్ రిపోర్టెడ్." అని వస్తేనే రీస్టార్ట్.

దానికంటే ముందు కస్టమర్ల ఫైళ్లు పెన్‌డ్రైవ్‌కో బయటి డిస్క్‌కో కాపీ చెయ్యండి. రాజాం గారు చెప్పిన మాటే, అది నిజంగా మొదట చెయ్యాల్సింది.

రాజాం_రూట్
నా మాట ఒకటి నిలబడింది, సంతోషం. నాగావళి గారూ, షాపులో ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ పెట్టుకోండి. ఎవరినైనా సిస్టమ్ ముట్టుకోనిచ్చే ముందు అందులోకి కాపీ పడాలి. అదే ఎప్పుడూ నా మొదటి సలహా.

నాగావళి_డీటీపీ
కాపీ అయ్యాక రెండు కమాండ్లూ కొట్టాను. ఎర్రర్ ఏమీ లేదంది. రీస్టార్ట్ చేశాను, నేరుగా మెనూ వచ్చింది. విండోస్ కూడా తెరుచుకుంటోంది.

ఒక్క అనుమానం. డి పోయింది, కానీ సి పెరగలేదు. ఆ జాగా ఏమైంది?

టెర్మినల్_తాత
ఎక్కడికీ పోలేదు. డి లాజికల్ కాబట్టి దాని జాగా ఎక్స్‌టెండెడ్ లోపలే ఖాళీగా పడి ఉంది. సి ప్రైమరీ. ఎక్స్‌టెండెడ్ లోపలి ఖాళీని ప్రైమరీకి నేరుగా కలపడం కుదరదు, విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎక్స్‌టెండ్ అన్న మాట నొక్కడానికి కూడా రాదు. ముందుగా ఈ సంగతి చూసి ఉంటే ఆ అబ్బాయి డి ని ముట్టుకునేవాడే కాదు.

ఆ జాగాలో మళ్లీ ఒక డేటా పార్టిషన్ చేసుకుని ఫైళ్లు పెట్టుకోండి. చేసినప్పుడు నంబర్లు ఇంకోసారి మారొచ్చు. కాబట్టి అది చేసిన వెంటనే, రీస్టార్ట్ చెయ్యకుండా, గ్రబ్-ఇన్‌స్టాల్ మళ్లీ కొట్టండి.

అరసవల్లి_కిరణం
ఈ చర్చ చూసి నాదీ అడుగుతున్నాను. స్కూల్లో పిల్లల కోసం ఒక ల్యాప్‌టాప్‌లో విండోస్ పక్కన డెబియన్ 12 వేశాం. గ్రబ్ మెనూలో డెబియన్ ఒక్కటే కనబడుతోంది. విండోస్ పోయిందని మా హెడ్మాస్టారు కంగారు పడుతున్నారు. అప్‌డేట్-గ్రబ్ కొడితే "ఓఎస్-ప్రోబర్ విల్ నాట్ బి ఎగ్జిక్యూటెడ్" అంటూ ఏదో హెచ్చరిక వస్తోంది.

గంటస్తంభం
హెడ్మాస్టారికి ధైర్యం చెప్పండి మేడం. విండోస్ ఉంది. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి వేరే ఓఎస్‌లను వెతికే పనిని భద్రత కోసం డీఫాల్ట్‌గా ఆపేశారు. మీరు చూసిన హెచ్చరిక అదే చెబుతోంది. /ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్ ఫైలు సుడోతో తెరిచి, ఈ లైను ఉంటే ముందున్న హాష్ గుర్తు తీసెయ్యండి, లేకపోతే చివర రాయండి:

గ్రబ్_డిజేబుల్_ఓఎస్_ప్రోబర్=ఫాల్స్

సమానం గుర్తుకి ముందున్నదంతా పెద్ద అక్షరాల్లో, ఫాల్స్ చిన్న అక్షరాల్లో. సేవ్ చేసి అప్‌డేట్-గ్రబ్ కొడితే విండోస్ బూట్ మేనేజర్ దొరికినట్టు ఒక లైను వస్తుంది. దొరకలేదంటే ఓఎస్-ప్రోబర్ ప్యాకేజీ ఉందో లేదో చూడండి.

అరసవల్లి_కిరణం
వచ్చింది! లైను ముందు హాష్ ఉంది, తీసేశాను. పిల్లలకి కూడా ఆ ఫైలు తెరిచి చూపించాను, టైమవుట్ 5 ని 10 చేస్తే ఏమవుతుందో వాళ్లే మార్చి చూసుకున్నారు. థాంక్యూ అండీ.

టెర్మినల్_తాత
పిల్లల చేత మార్పించారు చూడండి, అది నాకు బాగా నచ్చింది మేడం.

పలాస_జీడి
మా దగ్గర గొడవ వేరు. గాలివాన వచ్చినప్పుడల్లా కరెంటు పోతుంది, యూపీఎస్ బ్యాటరీ పాతది. మొన్న కరెంటు వచ్చాక గ్రబ్ మెనూ బాగానే వచ్చింది గానీ తర్వాత బిజీబాక్స్ అని, బ్రాకెట్లో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అని వచ్చి ఆగిపోయింది. నాగావళి గారి కమాండ్లు కొడితే ఒక్కటీ పనిచెయ్యలేదు. గ్రబ్ మళ్లీ వెయ్యాలా?

గంటస్తంభం
వద్దు, గ్రబ్ తన పని చేసేసింది. మెనూ వచ్చి, కెర్నల్ లోడ్ అయ్యాక ఆగిందంటే తప్పు దాని తర్వాత ఉన్నట్టు. మెనూ రాకముందు ఆగితే గ్రబ్‌ని అనుమానించాలి, వచ్చాక ఆగితే కెర్నల్, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (అసలు పార్టిషన్ తెరిచే ముందు కెర్నల్ వాడుకునే చిన్న తాత్కాలిక వ్యవస్థ), ఫైల్‌సిస్టమ్. నా దగ్గరికి వచ్చే కేసుల్లో సగానికి పైగా ఈ తేడా చూడకుండా గ్రబ్‌ని మళ్లీ మళ్లీ వేసినవే.

మీ స్క్రీన్‌లో కొంచెం పైన "రిక్వైర్స్ ఎ మాన్యువల్ ఎఫ్‌ఎస్‌సీకే" (ఫైల్‌సిస్టమ్ తప్పులు సరిచేసే కమాండు) అని, ఏ పార్టిషనో ఉంటుంది. ఉదాహరణకి ఎస్‌డిఎ2 అని ఉంటే:

ఎఫ్‌ఎస్‌సీకే -వై /డెవ్/ఎస్‌డిఎ2

అయ్యాక ఎగ్జిట్. ముఖ్యమైన డేటా ఉండి, డిస్కు నుంచి టక్ టక్ శబ్దం వస్తుంటే మాత్రం ఎఫ్‌ఎస్‌సీకే కొట్టకండి. డిస్కే పోతోందేమో, ముందు కాపీ.

పలాస_జీడి
శబ్దం లేదు. అలాగే కొట్టాను, ఏవో చాలా ఫిక్స్ చేసింది, లేచింది.

2018 తిత్లీ తుపానప్పుడు ఇక్కడ కరెంటు రోజుల తరబడి లేదు. అప్పటి నుంచి కరెంటు లేకపోవడం మాకు అలవాటే. పోతూ వస్తూ ఉండటమే సిస్టమ్‌లని తినేస్తోంది.

గంటస్తంభం
స్మార్ట్‌సీటీఎల్ -ఎ /డెవ్/ఎస్‌డిఎ కొట్టి రీఅలొకేటెడ్ సెక్టార్లు, కరెంట్ పెండింగ్ సెక్టార్లు అన్న వరసల చివరి అంకె చూడండి. సున్నా అయితే నిశ్చింత. పెండింగ్ అంకె పెరుగుతూ పోతుంటే కొత్త డిస్కు కొనండి. ఆ యూపీఎస్ బ్యాటరీ మాత్రం ఏమైనా సరే మార్చండి.

పొందూరు_మగ్గం
నాదీ చెప్తాను. ఎచ్చెర్లలో చదువుతున్నాను. ఫ్రెండు కొత్త డిస్ట్రో (మింట్, డెబియన్ లాంటి లైనక్స్ రకం) లైవ్ పెన్‌డ్రైవ్‌తో నా డిస్కు ఎక్స్‌ట్4కి (లైనక్స్ ఫైల్‌సిస్టమ్) ఫార్మాట్ చేసి ఇచ్చాడు. ఆ పార్టిషన్ మీదే, మళ్లీ ఫార్మాట్ చెయ్యకుండా, కొంచెం పాత డిస్ట్రో వేస్తున్నాను. అంతా ఎక్కి చివర్లో గ్రబ్ దగ్గర ఫెయిల్. టెర్మినల్లో గ్రబ్-ఇన్‌స్టాల్ కొడితే "అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్" అంటోంది. ఫైల్ మేనేజర్‌లో అదే పార్టిషన్ హాయిగా తెరుచుకుంటోంది. కెర్నల్‌కి తెలిసింది గ్రబ్‌కి ఎందుకు తెలియట్లేదు?

రాజాం_రూట్
డిస్కు బ్యాడ్ అయి ఉంటుంది తమ్ముడూ.

టెర్మినల్_తాత
కాదు రాజాం బాబూ, బ్యాడ్ అయితే ఫైల్ మేనేజర్‌లో అంత హాయిగా తెరుచుకోదు. ఫైల్‌సిస్టమ్ చదివే కోడ్ గ్రబ్‌ది గ్రబ్‌కి సొంతంగా ఉంటుంది, కెర్నల్‌ది వాడుకోదు. అందుకే ఒకరికి వచ్చింది రెండో వాళ్లకి రాదు. మగ్గం బాబూ, లైవ్‌లోంచి డంప్‌ఈ2ఎఫ్‌ఎస్ -హెచ్ అని, పక్కన ఆ పార్టిషన్ పేరు కొట్టి, ఫైల్‌సిస్టమ్ ఫీచర్స్ లైను ఇక్కడ పెట్టు.

పొందూరు_మగ్గం
చాలా ఉన్నాయి. చివర్లో మెటాడేటా_సీసమ్_సీడ్, ఆర్ఫన్_ఫైల్ అని కూడా ఉన్నాయి.

టెర్మినల్_తాత
మొదటిదే కారణం. 2023లో వచ్చిన ఈ2ఎఫ్‌ఎస్‌ప్రాగ్స్ 1.47 నుంచి ఫార్మాట్ చేస్తే ఆ రెండూ డీఫాల్ట్‌గా పడతాయి. మెటాడేటా_సీసమ్_సీడ్ ఉన్న ఎక్స్‌ట్4 అంటే గ్రబ్ 2.06కి అర్థం కాదు. 2.12లో సరిచేశారు, కొన్ని డిస్ట్రోలు ముందే తమ గ్రబ్‌కి ప్యాచ్ వేసుకున్నాయి. నీది వేసుకోని రకం. పార్టిషన్ అన్‌మౌంట్ చేసి, ఫార్మాట్ చేసిన ఆ కొత్త లైవ్ పెన్‌డ్రైవ్ నుంచే:

ట్యూన్2ఎఫ్‌ఎస్ -ఓ ^మెటాడేటా_సీసమ్_సీడ్ /డెవ్/ఎస్‌డిఎ3

ఎస్‌డిఎ3 బదులు నీ పార్టిషన్. ఓ పెద్ద అక్షరం. పేరు ముందు ఆ టోపీ గుర్తు తప్పనిసరి, తీసెయ్ అని దాని అర్థం. ఆర్ఫన్_ఫైల్‌ని కూడా అలాగే తీసెయ్, పాత డిస్ట్రోలోని ఎఫ్‌ఎస్‌సీకే దాన్ని గుర్తుపట్టక తర్వాత పేచీ పెడుతుంది.

రాజాం_రూట్
ఇది నాకు తెలియదు తాతగారూ. దాచుకుంటున్నాను.

పొందూరు_మగ్గం
తీసేశాను. ఇప్పుడు గ్రబ్ లైవ్‌లోంచి ఎలా వెయ్యాలి? ఇన్‌స్టలేషన్ సగంలో ఆగింది కదా, మెనూ నుంచి లోపలికి వెళ్లలేను.

గంటస్తంభం
సీహెచ్‌రూట్ పద్ధతి, అంటే లైవ్‌లోంచి డిస్కులోని సిస్టమ్ లోపలికి వెళ్లి కమాండ్లు కొట్టడం. నాగావళి గారికి రెస్క్యూలో నార్మల్ కూడా పనిచెయ్యకపోయి ఉంటే ఆయన కూడా ఇదే చెయ్యాల్సి వచ్చేది. ఈసారి నువ్వు వేస్తున్న డిస్ట్రో పెన్‌డ్రైవ్‌తోనే లైవ్‌లోకి వెళ్లు. ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ కొట్టి ఏ పార్టిషన్ ఏదో రాసుకో. రూట్ ఎస్‌డిఎ3, ఈఎఫ్ఐ పార్టిషన్ (యూఈఎఫ్ఐ సిస్టమ్‌లో బూట్ ఫైళ్లుండేది) ఎస్‌డిఎ1 అనుకుందాం:

సుడో మౌంట్ /డెవ్/ఎస్‌డిఎ3 /ఎంఎన్‌టీ
సుడో మౌంట్ /డెవ్/ఎస్‌డిఎ1 /ఎంఎన్‌టీ/బూట్/ఈఎఫ్ఐ

తర్వాత డెవ్, ప్రాక్, సిస్, రన్ నాలుగింటినీ ఒక్కొక్కటిగా సుడో మౌంట్ --ఆర్‌బైండ్‌తో /ఎంఎన్‌టీ కింద అదే పేరుకి కలుపు. ఆ తర్వాత సుడో సీహెచ్‌రూట్ /ఎంఎన్‌టీ. లోపలికి వెళ్లాక గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్. ఎస్‌డిఎ1 నిజంగా ఫ్యాట్32 అవునో కాదో ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో చూసుకున్నాకే రెండో మౌంట్. లైవ్ పెన్‌డ్రైవ్ కూడా యూఈఎఫ్ఐ పద్ధతిలోనే బూట్ అయి ఉండాలి. /సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్ఐ అన్న ఫోల్డర్ కనబడితే అయినట్టే.

రాజాం_రూట్
ఇంత కష్టం ఎందుకు, బూట్-రిపేర్ అని గ్రాఫికల్ టూల్ ఉంది. ఒక బటన్ నొక్కితే అదే చేస్తుంది.

గంటస్తంభం
ఉంది, మంచిదే. సాధారణ కేసుల్లో నేనూ వాడమంటాను. అందులో రిపేర్ కంటే నాకు నచ్చేది బూట్ ఇన్ఫో రిపోర్టు. డిస్కులో ఏ గ్రబ్ ఎక్కడుందో మొత్తం ఒక ఫైల్లో రాసిస్తుంది, దాన్ని ఇక్కడ పెడితే మనకి సగం పని తగ్గుతుంది. రెండు డిస్కులున్న సిస్టమ్‌లో మాత్రం బటన్ గుడ్డిగా నొక్కొద్దు, గ్రబ్ ఏ డిస్కుకి వెళ్తుందో అడ్వాన్స్‌డ్‌లో చూసుకోవాలి. మగ్గం తమ్ముడి ఫైల్‌సిస్టమ్ సమస్యని ఆ బటన్ పట్టుకునేది కాదు కూడా.

పొందూరు_మగ్గం
సీహెచ్‌రూట్‌లో గ్రబ్ ఎక్కింది. ఇన్‌స్టాలర్ మధ్యలో ఆపినవి కొన్ని మిగిలాయి, యూజర్ కూడా క్రియేట్ అవ్వలేదు.

రాజాం_రూట్
సగంలో ఆగిన ఇన్‌స్టలేషన్ మీద ఇల్లు కట్టుకోకు తమ్ముడూ. నీకు అందులో డేటా ఏమీ లేదు కదా. ఇన్‌స్టాలర్ చేతే ఆ పార్టిషన్ ఫార్మాట్ చేయించి, మొదటి నుంచి వేసెయ్. పాత డిస్ట్రో ఇన్‌స్టాలర్ పాత ఫీచర్లతోనే ఫార్మాట్ చేస్తుంది, గొడవ ఉండదు.

గంటస్తంభం
ఇక్కడ రాజాం గారి మాటే సరైనది. పోగొట్టుకునేది ఏమీ లేనప్పుడు కొత్తగా వెయ్యడమే మంచిది.

బొబ్బిలి_తీగ
యూఈఎఫ్ఐ ల్యాప్‌టాప్ వాళ్లకి ఏమైనా చెప్తారా? నాది ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అయ్యాక గ్రబ్ అసలు రావట్లేదు, నేరుగా విండోస్‌లోకి పోతోంది. ఉబుంటు పార్టిషన్లు విండోస్‌లో కనబడుతున్నాయి గానీ తెరవట్లేదు. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న ప్రోగ్రాములనే బూట్ అవ్వనిచ్చే సెట్టింగు) ఆపేస్తే వస్తుందని ఒకరన్నారు. ఆపెయ్యనా?

గంటస్తంభం
ఆపకు! ముందు విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్కులోని డేటాకి తాళం వేసేది) ఆన్‌లో ఉందో చూడు. కొత్త ల్యాప్‌టాపుల్లో మనం పెట్టకపోయినా డివైస్ ఎన్‌క్రిప్షన్ పేరుతో ఆన్ అయి ఉండొచ్చు. సెక్యూర్ బూట్ మారిస్తే విండోస్ రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ లేకపోతే విండోస్ డేటా నిజంగా పోయినట్టే, దాన్ని ఏ కమాండూ తేలేదు. అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి:

మేనేజ్-బీడీఈ -ప్రొటెక్టర్స్ -గెట్ సి:

న్యూమరికల్ పాస్‌వర్డ్ కింద 48 అంకెలు వస్తాయి. అవి ఆ ల్యాప్‌టాప్‌లో కాకుండా వేరే చోట రాసుకో. తర్వాత మాట్లాడదాం.

బొబ్బిలి_తీగ
ఆన్‌లోనే ఉంది అన్నా. నేను ఎప్పుడూ పెట్టలేదు! అంకెలు కాగితం మీద రాసుకున్నాను.

గంటస్తంభం
ఇక భయం లేదు. యూఈఎఫ్ఐలో ఎంబీఆర్ గొడవ ఉండదు. గ్రబ్, ఫ్యాట్32 ఈఎఫ్ఐ పార్టిషన్‌లో మామూలు ఫైలుగా ఉంటుంది. ఏ ఫైలుని ముందు నడపాలన్న జాబితా మదర్‌బోర్డు మెమరీలో ఉంటుంది. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఆ జాబితా వరస మార్చేసి ఉంటుంది, లేదా తుడిచేసి ఉంటుంది. ముందు ఫర్మ్‌వేర్ సెటప్‌లోకి వెళ్లి బూట్ ఆర్డర్‌లో ఉబుంటు అన్న పేరుందో చూడు. ఉంటే దాన్ని పైకి జరిపితే చాలు. లేకపోతే లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి సుడో ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ -వి కొట్టి చూపించు.

టెర్మినల్_తాత
ఒకటి కలుపుతాను. స్క్రీన్ మీద ఎస్‌బాట్ అన్న మాటతో "సెక్యూరిటీ పాలసీ వయొలేషన్" అని వస్తే అది ఈ రకం కాదు. 2024 ఆగస్టులో ఒక విండోస్ అప్‌డేట్ తర్వాత పాత షిమ్ (సెక్యూర్ బూట్ ఒప్పుకునే, గ్రబ్‌ని నడిపే చిన్న ప్రోగ్రాం) ఉన్న చాలా లైనక్స్ సిస్టమ్‌లలో అదే వచ్చింది. దానికి పరిష్కారం షిమ్, గ్రబ్ ప్యాకేజీలు కొత్తవి వేసుకోవడం. తీగ బాబుకి ఆ మెసేజ్ రాలేదు కాబట్టి వరస గొడవే అయి ఉంటుంది.

బొబ్బిలి_తీగ
సెటప్‌లో ఉబుంటు పేరు లేదు. లైవ్‌లో చూస్తే జాబితాలో విండోస్ బూట్ మేనేజర్, పెన్‌డ్రైవ్ రెండే ఉన్నాయి. ఈఎఫ్ఐ పార్టిషన్ తెరిస్తే ఉబుంటు ఫోల్డర్, అందులో షిమ్ఎక్స్64, గ్రబ్ఎక్స్64 ఫైళ్లు ఉన్నాయి.

గంటస్తంభం
ఫైళ్లున్నాయంటే జాబితాలో పేరు ఎక్కిస్తే చాలు. నీ డిస్కు ఎన్‌వీఎంఈ అయితే:

సుడో ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ -సి -డి /డెవ్/ఎన్‌వీఎంఈ0ఎన్1 -పి 1 -ఎల్ ఉబుంటు -ఎల్ '\ఈఎఫ్ఐ\ఉబుంటు\షిమ్ఎక్స్64.ఈఎఫ్ఐ'

మొదటి ఎల్ పెద్ద అక్షరం, రెండోది చిన్న అక్షరం. సి చిన్న అక్షరమే. పి పక్కన 1 అన్నది ఈఎఫ్ఐ పార్టిషన్ నంబరు, నీది వేరే అయితే మార్చు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంది కాబట్టి గ్రబ్‌ని కాదు, షిమ్‌నే చూపించాలి.

బొబ్బిలి_తీగ
ఎక్కింది, వరసలో మొదటికి వచ్చింది. రీస్టార్ట్ చేస్తే గ్రబ్ మెనూ, ఉబుంటు, విండోస్ అన్నీ వచ్చాయి. విండోస్ కీ కూడా అడగలేదు. సెక్యూర్ బూట్ ముట్టుకోలేదు.

గంటస్తంభం
బాగుంది. రాసుకున్న 48 అంకెల్ని ఇంకోసారి స్క్రీన్‌తో సరిచూసుకో. ఒక్క అంకె తప్పినా ఆ కీ పనికిరాదు.

బొబ్బిలి_తీగ
చూశాను అన్నా, సరిగ్గానే ఉన్నాయి. ఇంకో కాపీ నాన్నగారి దగ్గర కూడా ఉంచుతున్నాను.